పొడపత్రి వేళ్లు చూడ్డానికి కడియం ప్రయాణం

తణుకులో ఉదయం ఏడు గంటల ప్యాసింజరు ఎక్కేసరికే ముసురు పట్టింది. సంచిలో ఇడ్లీ పొట్లం, మా కాలేజీ ల్యాబు నుంచి తెచ్చిన అయోడిన్ సీసా ఉన్నాయి. నేను అక్కడ బోటనీ చెబుతాను. ముందురోజు పక్కింటి ఫోనుకు కడియం నుంచి మా పెద్దమ్మ కొడుకు సూర్యారావు అన్నయ్య చేశాడు. "తీగలు ఏదోలా ఉన్నాయే, ఓసారి వచ్చి చూడు" అన్నాడు. అన్నయ్య ఎవరినీ సాయం అడిగే మనిషి కాదు.

వదినకు షుగర్ వచ్చాక ఆయన గులాబీ నర్సరీ తీసేసి, ఆ చోటంతా పొడపత్రి వేశాడు. ఆ ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. షుగర్ మందుల్లో వాడతారు. చిగురు వచ్చినప్పుడల్లా కోయించి, ఎండబెట్టి, ఓ మందుల కంపెనీకి పంపేవాడు. కొన్నేళ్లుగా ఆ ఇంటికి అదే జీవనం.

కొవ్వూరు దాటాక, ఎదురు సీటులోని పెద్దావిడ నా సీసా చూసి, "ఏ ఆసుపత్రికమ్మా?" అని అడిగింది.

"మొక్కల దగ్గరికండి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "వాటికీ జబ్బులొస్తాయి మరి" అంది.

రాజమండ్రిలో టీ తాగి, ధవళేశ్వరం మీదుగా వెళ్లే బస్సు పట్టుకున్నాను. దారి పొడవునా మొక్కల లారీలు తడుస్తూ ఆగి ఉన్నాయి. అన్నయ్య తోట చేరేసరికి పది దాటింది.

పందిళ్ల మీద ఆకులు గోరంతే ఉన్నాయి. కణుపులు ముడుచుకుపోయాయి. పూత జాడే లేదు. ఓ ఆకు నమిలి, వదిన తెచ్చిన పంచదార నోట్లో వేసుకున్నాను. తియ్యగానే ఉంది.

"కంపెనీవాళ్లూ ఇదే అన్నారు. పోయినసారి సరుకు తిప్పి పంపేశారు. ఎరువు ఎక్కువే వేశానే" అన్నాడు అన్నయ్య.

ఓ తీగ తవ్వి, వేరు కోసి, అయోడిన్ చుక్క వేశాను. లోపల పిండి నిల్వ ఉంటే నల్లబడాలి. పసుపుగానే ఉండిపోయింది. తర్వాత దడి మీద ఎవరూ కోయకుండా పెరిగిన తీగ వేరు మీద వేశాను. చూస్తుండగానే నల్లబడింది.

"మొక్కకు వంట చేసిపెట్టేది ఆకే అన్నయ్యా. వచ్చింది వచ్చినట్టు కోసేస్తుంటే, చిగురు చిగురుకీ వేరు దాచుకున్నదే తీసి పెట్టింది. ఇప్పుడు పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఏడాదైనా కోయకు."

ఆయన ఆ వానలోనే గట్టు మీద కూర్చుండిపోయాడు.

కాసేపటికి కోతకు ఆడకూలీలు వచ్చారు. వద్దని చెప్పాడు. "మళ్లీ ఎప్పుడు రమ్మంటారండీ?" అని వాళ్లలో మంగ అనే ఆవిడ అడిగింది. "కబురు పెడతాను" అన్నాడు. ఖాళీ బుట్టలు నెత్తిన బోర్లించుకుని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం వదిన ఆనపకాయ పులుసుతో అన్నం పెట్టింది. ఎవరికీ సయించలేదు. "నా జబ్బు మూలంగా బంగారంలాంటి గులాబీలు పీకేశారు" అంది వదిన.

సాయంత్రం నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చాడు.

"నిజం చెప్పు. వదిలేస్తే బతుకుతాయా?"

"సగం బతకొచ్చు."

"ఏ సగం?"

తెలియదనే చెప్పాను.

తిరుగు రైలు గోదావరి దాటేటప్పటికి చీకటి పడుతోంది. కడియం చూడ్డానికి వెళ్లినవాళ్లు పూలు తలుచుకుంటూ తిరిగొస్తారు. నా కళ్లముందు మాత్రం అన్నయ్యే ఉన్నాడు. నా జవాబు విన్నాక, బస్సు వచ్చేదాకా భుజం మీది తువ్వాలు తీసి మడతపెడుతూ, మళ్లీ విప్పుతూ నిలబడ్డాడు.