సన్నాయి నడుమ దగ్గు

"అన్నా, జర రేడియో బంద్ చెయ్యి. మామ పోయిండు."

పక్కింటి కోడలు మా దుకాణం మెట్టు మీద నిలబడి అన్నది అంతే. అమరచింతలో నలభై ఏళ్లుగా రేడియోలు బాగుచేస్తున్నాను. ఒక మీట తిప్పడానికి అంత సేపు ఎప్పుడూ పట్టలేదు.

ఊరంతటికీ ఆయన సన్నాయి మామే. పెళ్లింటివాళ్లు ఆకూ వక్కా చేతిలో పెడితే తప్ప సన్నాయి గుడ్డ విప్పేవాడు కాదు. అందులో దక్షిణ ఎంతుందో చూసేవాడు కాదు, ఆకు పచ్చిగా ఉందా లేదా అని చూసేవాడు. "ఎండిన ఆకు పెట్టినోడు ఎండిన మనసుతోనే వింటడు" అనేవాడు.

ఆకుల మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. నాకు అక్షరాలు వచ్చింది పాన్‌డబ్బాలో పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద. సగం సగం వార్తలు చదివి సగం తెలివి సంపాదించాను. ఆ సగం తెలివే కొంప ముంచింది.

నాలుగేళ్ల కిందట మా దుకాణంలో కూర్చోబెట్టి ఆయన సన్నాయిని టేపులో ఎక్కించాను. మంచి ఊపులో ఉండగా దగ్గు వచ్చింది. దగ్గి, మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ ముక్క తీసెయ్యడం నాకు చేతకాలేదు. వనపర్తి నెట్ సెంటరులో ఇస్తే ఇంటర్నెట్‌లో పెట్టారు. దునియా అంతా వింటుందని మామకు చెప్పి మురిసిపోయాను. ఆకూ వక్కా పెట్టకుండానే వాయించుకున్నానని అప్పుడు తట్టనే లేదు.

ఏడాది తిరిగేసరికి ఆయనకు పిలుపులు ఆగిపోయాయి. బల్మూర్‌లో ఒక పెళ్లికి నేనూ మామా చుట్టాలుగా పోతే, సౌండు బాక్సులోంచి సన్నాయి వినబడింది. నడుమ దగ్గు. మామ తిన్నగా మైకు కుర్రాడి దగ్గరికి నడిచాడు.

"గది నాదే బిడ్డా."

"నెట్‌ల ఊరికే దొరికింది తాతా. దొంగతనం చేసిన్నా ఏంది?"

"చెయ్యలే. ఆకు వక్క ఎవరికిచ్చిన్రు?"

అతను జేబు తడుముకున్నాడు. తాంబూలం అతనికే పెట్టారు.

తిరుగు బస్సులో నేను సర్దిచెప్పబోయాను, పాట గాలి లాంటిది, దాన్ని ఎవరు కట్టేస్తారు అని.

"గాలి అందరిదే అల్లుడా. ఊదినోడు ఊరికే ఊదిండా?"

తర్వాత ఆ మాట ఎత్తలేదు, సన్నాయీ ఎత్తలేదు. దగ్గు ముదిరింది, దవాఖానకు పోదామంటే లగ్గాలు రానీ, నాలుగు పిలుపులు వస్తే పోదామనేవాడు. లగ్గాలు వచ్చాయి.

నెట్‌లో దొరికే పాటకు పైసలెందుకని మా దుకాణంలో రోజూ ఎవరో ఒకరు అంటారు. వాదించే ఓపిక నాకిక లేదు. పిలిచి వాయించుకుంటే ఇచ్చేవాళ్లం. పిలవకుండా వాయించుకుంటే ఎందుకియ్యమో నాకు తెలియదు.

నిన్న వెనక వీధిలో పెళ్లి. పచ్చి ఆకులు, రెండు వక్కలు తీసుకుపోయి సౌండు బాక్సు మీద పెట్టి పక్కన నిలబడ్డాను. మైకతను నన్ను చూసి నవ్వుకున్నాడు. సన్నాయి సాగింది. దగ్గు వచ్చింది. ఆకులు జర కదిలాయి.