నేను నొక్కని ‘వద్దు’

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. గోదావరి జిల్లాల వాళ్లు మాటకారులంటారు గానీ, వాళ్లింటి వాటా మాటలన్నీ మా అత్తగారే పట్టుకుపోయారు. మాది శేరిలింగంపల్లి. ఈ అద్దాల మేడలు లేవకముందు నుంచీ అక్కడే. మా ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా వీధి చివరిదాకా వినపడుతుంది. అలాంటి ఇంట్లో పెరిగి, ఇలాంటి మనిషితో మణికొండలో ఒక కిరాయి ఫ్లాట్లో కాపురం పెట్టాను.

కాపురమని పేరుకే. ఆయనది పగటి ఉద్యోగం, నాది రాత్రి షిఫ్టు. పై దేశాల వాళ్లు ఫోన్ చేస్తే వాళ్ల బీమా తగాదాలు విని సర్దిచెప్పే పని. సాయంత్రం నేను క్యాబ్ ఎక్కేసరికి ఆయన హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో ఉండేవాడు. తెల్లవారి నేను తాళం తీసేసరికి నిద్రలో ఉండేవాడు. ఆయన స్నానం చేసి తయారయ్యేలోపు నాకు కళ్లు మూతలు పడేవి. ఒకే మంచం, ఒకే దుప్పటి, ఒకరి తరువాత ఒకరం. శని ఆదివారాలు నాకు నిద్ర తీర్చుకోవడానికే సరిపోయేవి.

మాది కాపలామనిషి లేని చిన్న బిల్డింగు. ఎండాకాలం బోరు ఎండితే నీళ్ల ట్యాంకర్ వచ్చేది. పగటిపూట ఇంట్లో ఉండేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, హారన్ వినపడగానే కిందికి పరుగెత్తి నేలలోని నీళ్ల సంపు మూత తీయడం నా వంతయింది.

ఇంట్లో లాప్‌టాప్ కూడా ఒక్కటే. ఆయనకు లైనక్స్ కావాలి, కొత్త పని నేర్చుకునేది దాని మీదే. నాకు విండోస్ కావాలి. చుట్టాల పెళ్లిళ్లకు శుభలేఖలు తయారుచేయడం నా సరదా, ఆ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. అందుకని ఆయన రెండూ ఎక్కించి, ముందు ఒక బూట్ మేనేజర్ పెట్టాడు. ఆన్ చేయగానే నల్లటి తెర మీద తెల్లటి లైన్లు వస్తాయి. బాణం మీటతో కావలసిన లైను దగ్గరికి వెళ్లి ఎంటర్ కొడితే ఆ సిస్టమ్ తెరుచుకుంటుంది. అది పది సెకన్లు చూస్తుంది. ఈలోగా ఎవరూ ఏమీ నొక్కకపోతే, పై లైను దానంతట అదే మొదలవుతుంది.

ఒకరోజు విండోస్ అని ఉండాల్సిన లైను మీద ‘పప్పు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను’ అని ఉంది. ఆ తెర మీద తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఎంటర్ కొట్టాను. విండోసే తెరుచుకుంది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వాను. ఫోన్‌లో మెసేజ్ పెట్టొచ్చు కదా అని ఆదివారం అడిగితే, “ఫోన్‌లో అందరూ పెడతారు” అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకు మించిన ప్రేమ మాట నేను వినలేదు.

తరువాత అది మా ఇంటి పద్ధతైపోయింది. నేను జవాబు చెప్పడానికి కూడా ఆయనే ఉపాయం చేశాడు. లైనక్స్ లైనుకు పైన, విండోస్‌కు రెండు లైన్లు పెట్టేవాడు. పైన ‘తిన్నాను’, కింద ‘తినలేదు’. ఏది నొక్కినా తెరుచుకునేది అదే విండోస్. కానీ ఏ లైను నుంచి తెరుచుకుందో మిషన్ గుర్తు పెట్టుకునేది. సాయంత్రం ఆయన వచ్చి ఆన్ చేస్తే ఆ లైను వెలుగుతూ కనిపించేది. కొత్త లైన్లు పెట్టినప్పుడల్లా ఆ గుర్తు చెరిగి, మళ్లీ పై లైనుకే వచ్చేది. గొడవ పడిన మర్నాడు ‘కోపం పోయింది’, ‘ఇంకా ఉంది’ అని పెట్టేవాడు. పోయినా సరే నేను రెండోదే నొక్కేదాన్ని. ఆ మరుసటి రోజు వంటింట్లో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఉండేది మరి.

ఒక ఆదివారం అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ అన్నాడు: “మా ఆఫీసులో రాత్రి టీమ్ ఒకటి పెడుతున్నారు. ఇష్టమున్నవాళ్లని పేరు ఇమ్మంటున్నారు.”

నేను లోలోపల లెక్కలేసుకున్నాను. ఇద్దరం ఒకే వేళకు వెళ్లొచ్చు, ఒకే వేళకు రావచ్చు. తెల్లవారి ఇంటికొచ్చి కలిసి టీ తాగొచ్చు. ‘జల్ది ఇయ్యి’ అందామని నోటిదాకా వచ్చింది. కానీ రాత్రి పని ఎలాంటిదో నాకు తెలుసు. జుట్టు రాలుతుంది, కడుపు మండుతుంది, ఎండ ముఖం చూసి వారాలవుతుంది. అందులోకి ఇంకొకరిని రమ్మని ఎలా అడగను? తనంతట తాను వస్తానంటే బాగుండుననుకున్నాను.

“నీ ఇష్టం” అన్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, నా క్యాబ్ రాకముందే ఇంటికొచ్చాడు. ఎన్నడూ లేనిది.

“ఏంది, గింత జల్ది వచ్చినవ్?”

“ఊరికే.”

చెప్పులు విప్పీ విప్పకుండానే లాప్‌టాప్ ఆన్ చేశాడు. ఒక్క క్షణం చూసి మూసేశాడు. “టీ పెట్టనా?” అన్నాడు. కింద క్యాబ్ హారన్ కొడుతోంది. వద్దన్నాను. నాతో పాటు మెట్లు దిగి, నేను ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ ఆదివారం, “పేరు ఇవ్వలేదు” అన్నాడు. ఈసారి కంచంలోకి చూసింది నేను. “మంచిగైంది” అన్నాను. తలాడించాడు. ఆ తరువాత కొన్నేళ్లు అలాగే ఒకే దుప్పటిని వంతులేసుకుని కప్పుకున్నాం. క్రమంగా ఆ లైన్ల మీద కూర సంగతులు తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

ఇప్పుడు నల్లగండ్లలో ఉంటున్నాం. నేనూ పగటి పనికి మారాను. ఈ మధ్య మా పిన్ని కూతురి శుభలేఖ కోసం ఆ పాత లాప్‌టాప్ బయటికి తీశాను. బటన్ నొక్కి వంటింట్లోకి నడిచాను.

“అదేంటి, లైను చూసుకోవా?” అన్నాడు మా ఆయన.

“ఏం చూసుడు? గా మిషన్ తెరుచుకునేలోపల నా పని నేను చేస్కుంట. మణికొండల గూడ ట్యాంకర్ వచ్చిననాడు గంతే కదా. ట్యాంకరోడు హారన్ కొడ్తుంటే దీని ముందల ఎవరు కూసుంటరు?”

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

“ఆ రోజు కూడానా?”

“ఏ రోజు?”

అప్పుడు చెప్పాడు. రాత్రి టీమ్‌కు పేరు ఇవ్వాల్సిన రోజు పొద్దున నన్ను లేపలేక, లైన్లు మార్చి వెళ్లాడట. ‘నైట్ షిఫ్టుకి రానా? వద్దు’ అని పైన. ‘నైట్ షిఫ్టుకి రానా? రా’ అని కింద. సాయంత్రం పరుగున వచ్చి చూస్తే పై లైను వెలుగుతోంది. నేను క్యాబ్ ఎక్కి వెళ్లగానే రెండూ తీసేశాడట.

ఆ లైన్లు నా కంట పడనే లేదు. ఆ పగలు ట్యాంకర్ వచ్చే ఉంటుంది. నేను సంపు మూత ఎత్తుతుంటే, పైన మిషన్ పది సెకన్లు చూసి నా బదులు వద్దనేసింది.

“పైన వద్దు ఎందుకు పెట్టినవ్?”

“రమ్మనడం నీకిష్టం లేకపోతే, కింది లైనుకు వెళ్లే శ్రమ కూడా ఉండకూడదని.”

నాకు ఒళ్లు మండిపోయింది. “గంత మాట నోటితోని అడుగరాదా? నేను బతికే ఉంటిని కదా, డబ్బాను అడుగుతవా?”

“నోటితో చెబితే నువ్వు ‘నీ ఇష్టం’ అన్నావు కదా” అన్నాడు మెల్లగా.

అడగనిది అమ్మైనా పెట్టదంటారు. ఆయన అడిగాడు, నేను లేని గదిలో అడిగాడు. నేను అసలు అడగనే లేదు. ఆ ఏళ్లలో మేమిద్దరం ఎంత చిన్నవాళ్లమో తలుచుకుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన పక్కన కూర్చున్నాడు.

“మల్ల పెట్టు ఆ లైన్లు” అన్నాను కళ్లు తుడుచుకుని.

చేతులు కాలాక ఆకులెందుకు అనలేదు ఆయన. పెట్టాడు, అదే వరుసలో. ఆన్ చేసి ఇద్దరం తెర ముందు నిలబడ్డాం. నేను బాణం మీటతో కిందికి దిగి, ‘రా’ మీద ఎంటర్ కొట్టాను.

ఎప్పటిలాగే విండోస్ తెరుచుకుంది. ఆయనకు మీటింగ్ వేళయింది. హెడ్‌ఫోన్ తగిలించుకుని పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను శుభలేఖ పని మొదలుపెట్టాను.