మంచు కొండ మీద మా అయ్య తువ్వాలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భయమని కాదు, ఒళ్లుమంట. మా ఊళ్లో ఎవడికి జ్వరమొచ్చినా గాలి సోకిందంటారు. వలలో చేప పడకపోతే ఎవరిదో దిష్టి అంటారు. నేను ఇంటర్ దాకా నరసన్నపేటలో చదివి, ఆ తర్వాత సముద్రం మీదే బతుకుతున్నవాణ్ణి. మునిగిపోయినవాళ్లని నా చేతుల్తో పైకి తీశాను. వాళ్లలో ఒక్కడూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. అలాంటి కబుర్లు చెప్పేవాళ్లని మొహం మీదే వెటకారం చేసేవాణ్ణి.

ఇప్పుడు నా గురించే అలాంటి కబురు ఊళ్లో తిరుగుతోంది. ఉప్పూకారం జల్లి ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని రాస్తున్నాను. మా అయ్యకి చదువు రాదు. రాదు కాబట్టే రాయగలుగుతున్నాను. ఇందులో ఉన్నది ఆయన చెవిన మాత్రం వేయకండి.

మేం నాన్నని అయ్య అంటాం. ఆయన పేరు ఎర్రయ్య. కొడుకులం ఇద్దరం, నేను పెద్దోణ్ణి, తమ్ముడు నూకరాజు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. ఇద్దర్నీ అయ్యే పెంచాడు, ఈత నేర్పాడు, బోటు నేర్పాడు.

మా ఒడ్డున హార్బరు లేదు. బోటు బయటికెళ్లాలన్నా లోపలికి రావాలన్నా కెరటాల్లోంచే. పెద్ద కెరటాలు వరసగా వస్తాయి, ఆ తర్వాత కాసేపు నీళ్లు నెమ్మదిస్తాయి. ఆ కాసేపట్లోనే ఒడ్డు చేరాలి. బోటులో ఉన్నవాళ్లకి కెరటాల వీపులే కనిపిస్తాయి తప్ప ముందేముందో తెలియదు. అందుకని ఒడ్డున ఇసక దిబ్బ మీద ఒకరు నిలబడి చూసి చెప్పాలి. తువ్వాలు రెండు చేతులా పట్టుకుని తల మీద సాగదీస్తే ఆగమని. గిరగిరా తిప్పితే వచ్చేయమని. తిప్పడం చూశాక ఇక ఆలోచించకూడదు, ఇంజను పూర్తిగా తెరిచి వచ్చేయాలి. ఆలోచిస్తే వెనక కెరటం బోటుని తిరగేస్తుంది.

మోకాళ్లు పోయి వేట మానేశాక మా బోటుకి తువ్వాలు ఊపేది అయ్యే. ఎర్ర గళ్ల తువ్వాలు. ఎడమ భుజం కొంచెం కిందికి జారి ఉంటుంది ఆయనకి. ఎంత దూరం నుంచైనా ఆ భుజం చూసి ఆయనే అని చెప్పేస్తాం. నేనైనా ఒకోసారి విసుక్కునేవాణ్ణిగానీ నూకరాజు అయ్య తువ్వాలు కాదని ఏనాడూ బోటు నడపలేదు.

వేసవిలో వేట నిషేధం పెడతారు. బోట్లు ఇసక మీదికి లాగేసి ఊరికే కూర్చోవాలి. ఆ ఏడాది సాలూరు నుంచి ఉత్తరాదికి లోడు తోలే డ్రైవరొకడు, మాకు తెలిసినవాడే, కొండల్లో మంచు తీసే పని ఉందని చెప్పాడు. చలికాలమంతా మూసుకుపోయిన రోడ్డుని మళ్లీ తెరవడానికి మనుషులు కావాలట. నిషేధం ఎత్తేలోపు వచ్చేయొచ్చని ఇద్దరం బయల్దేరాం. అయ్య వద్దనలేదు. జాగర్త అని కూడా అనలేదు. బస్సెక్కేదాకా నిలబడి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అక్కడికి చేరిన మొదటి రోజు నూకరాజు మంచు పిడికిట్లోకి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. "ఇంత ఐసు మనూర్ల ఉంటే ఒక్క సేప కుళ్లదు కదా అన్నియ్యా" అన్నాడు. రాత్రి తలనొప్పితో మూలిగాడుగానీ పొద్దున్నే మళ్లీ నవ్వుతూ పార పట్టుకున్నాడు. యంత్రం ముందు మంచు కోసుకుంటూ పోతే అంచులు మేం చెక్కాలి.

మా మేస్త్రీ ఆ కొండల మనిషి. హిందీలో నెమ్మదిగా చెప్పేవాడు. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున రాయిలా ఉంటుంది, ఎండ తగిలి కరిగాక నమ్మకూడదు అనేవాడు. ఒకరోజు వాలు పక్కన గొయ్యి తవ్వి మాకు చూపించాడు. పైన కొత్తగా పడ్డ బరువు మంచు, నీళ్లు పట్టి ఉంది. దాని కింద ఒక పొర మాత్రం పంచదారలా పలుకులు పలుకులుగా ఉంది. పిడికిలి బిగిస్తే ముద్ద కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. పైనున్నదంతా దీని మీదే కూర్చుని ఉంది అన్నాడు. నాకు మా ఒడ్డే గుర్తొచ్చింది. కెరటం కింద తవ్వేసిన ఇసక గట్టు పైకి బాగానే కనిపిస్తుంది, కాలు పెడితే కూలుతుంది.

ఆ రోజు పొద్దున్నుంచే ఎండ గట్టిగా ఉంది. ఇంకా అన్నాలు తినలేదు. మా కాళ్ల కింద ఎక్కడో గుబ్ మని చప్పుడైంది, లోపల ఏదో బరువైనది దిగబడినట్టు. మేస్త్రీ మొహం మారిపోయింది. పని ఆపించి అందర్నీ గుడారాలకి వెళ్లిపొమ్మన్నాడు.

గుడారాల దారిలో ఒక వాలు కింద నుంచి దాటాలి. ఒక్కొక్కరే దాటాలి, ఒకరు అవతలికి చేరాకే ఇంకొకరు కాలు పెట్టాలి, ఏమైనా కదిలితే పక్కకి పరిగెత్తాలి. ఇది రోజూ చెప్పే మాటే. మేస్త్రీ ముందు దాటి అవతల నిలబడ్డాడు. ఒక్కొక్కరికీ చెయ్యి ఊపి పిలిచాడు. చివరికి మేమిద్దరం మిగిలాం. మేస్త్రీ మమ్మల్ని పిలవలేదు. వాలు వైపు తలెత్తి చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు మేస్త్రీ నిలబడ్డ చోటుకి పైన, ఒక బండ మీద, నాకు ఒక మనిషి కనిపించాడు.

ఒంటి మీద చొక్కా లేదు. లుంగీ ఎగ్గట్టి ఉంది. ఎడమ భుజం కిందికి జారి ఉంది. మసక లేదు, పొగమంచు లేదు, పట్టపగలు. రెండు చేతుల మధ్య ఎర్ర గళ్ల తువ్వాలు తల మీద సాగదీసి పట్టుకున్నాడు. ఆగమని.

కళ్లు మూసి తెరిచాను. ఉన్నాడు.

"అన్నియ్యా, అయ్య" అన్నాడు పక్కన నూకరాజు.

నేను అనలేదు ఆ మాట. వాడే అన్నాడు. దీన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి. వాడి గొంతులో భయం కూడా లేదు. పొద్దుగూకి బోటు తిప్పినప్పుడు ఒడ్డు కనిపిస్తే ఎలా అంటాడో అలాగే అన్నాడు.

"రమ్మంతన్నాడు, ఎల్దాం" అన్నాడు.

"ఆగమంతన్నాడు రా. ఆగు" అన్నాను.

"నీకు కళ్లు పోనాయా? తిప్పుతన్నాడు సూడు."

నేను మళ్లీ చూశాను. తువ్వాలు కదలడం లేదు. సాగదీసి, బిగించి ఉంది. వాడి చొక్కా పట్టుకుందామని చెయ్యి చాపేలోపే వెళ్లిపోయాడు. మా దగ్గర తిప్పడం చూశాక ఎవడూ ఆలోచించడు. వాడూ ఆలోచించలేదు.

మేస్త్రీ అరవడం వినిపించింది. వాడు సగం దూరం వెళ్లాడు. పైన వాలుకి అడ్డంగా ఒక గీత పడింది, ఎవరో కత్తితో కోసినట్టు. ఆ కిందున్నదంతా ఒక్కసారిగా కదిలింది. మేస్త్రీ చేతులు ఊపుతూ పక్కకి, పక్కకి అని కేకలు పెడుతున్నాడు.

నూకరాజు పక్కకి పరిగెత్తలేదు. దానికి ఎదురు తిరిగాడు. చేతులు ముందుకి చాపి, తల రెండు చేతుల మధ్య దాచుకుని వంగాడు. మా ఒడ్డున నడవడం వచ్చిన ప్రతి పిల్లాడికీ నేర్పేది అదే. కెరటం మీదికొస్తే వెనక్కి పరిగెత్తకు, ఎదురెళ్లి దాని కిందికి దూరు, అది నీ మీద నుంచి వెళ్లిపోతుంది అని. ఇది వెళ్లిపోలేదు. వచ్చి వాడి మీద ఆగిపోయింది.

పారలతో, చేతుల్తో, పళ్లేలతో తవ్వాం. అంతవరకు మెత్తగా ఉన్న మంచు ఆగగానే సిమెంటులా బిగుసుకుపోయింది. వాడు దొరికేసరికి చేతులు ఇంకా ముందుకే చాపి ఉన్నాయి. వాటిని దగ్గరికి చేర్చడం నా వల్ల కాలేదు.

తను పిలవకుండా వాడు ఎందుకు వచ్చాడని మేస్త్రీ ఏడుస్తూ అడిగాడు. నీ పైన బండ మీద ఎవరున్నారని నేను అడిగాను. ఎవరూ లేరన్నాడు. మర్నాడు నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. బండ చుట్టూ మంచు మీద ఒక్క అడుగు గుర్తు లేదు. అంత ఎత్తులో గాలి చాలక, మంచు మీద ఎండ కొట్టి, లేనివి కనిపిస్తాయని అక్కడి డాక్టరు చెప్పాడు. నేను కాదనను. కానీ ఇద్దరికి ఒకే మనిషి కనిపించడం ఏమిటి? ఒకే మనిషి ఇద్దరికి రెండు రకాలుగా ఊపడం ఏమిటి?

తమ్ముణ్ణి విశాఖ దాకా విమానంలో, అక్కణ్ణుంచి అంబులెన్సులో తెచ్చాను. శ్రీకాకుళం దాటాక డ్రైవరు టీకి ఆపాడు. నేను దిగలేదు. ఇంటి దగ్గర నరసన్నపేట నుంచి ఐసు పెట్టె తెప్పించి ఉంచారు. మళ్లీ ఐసులోనే పెట్టారు వాణ్ణి. అది చూశాక నాకు మతి నిలవలేదు. అయ్య కాళ్ల మీద పడి, నువ్వు అక్కడ కనబడ్డావు అయ్యా, తువ్వాలు పట్టుకుని కనబడ్డావు అని అందరి ముందూ అనేశాను.

అప్పుడు దానయ్య మావ నోరు తెరిచాడు. పక్కింట్లో ఉంటాడు, వలలు బాగుచేస్తాడు. నూకరాజు పోయిన రోజు మధ్యాహ్నం మా అయ్య కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా దిబ్బ మీదికి వెళ్లి తువ్వాలు ఊపాడట. నిషేధం రోజులు. బోట్లన్నీ ఇసక మీదే ఉన్నాయి, సముద్రంలో ఒక్కటి లేదు. ఎవలికి ఊపుతన్నావు ఎర్రయ్యా అని దానయ్య మావ అడిగినా తల తిప్పలేదట. ఫోను వచ్చింది ఆ సాయంత్రం.

ఏం ఊపాడని అడిగాను. సాగదీసి పట్టుకున్నాడు అన్నాడు దానయ్య మావ. కాదు, తిప్పాడు అంది ఆ రోజు దిబ్బ పక్కన నిలవ ఎండుచేపలు ఆరేస్తున్న అప్పలమ్మ పిన్ని. నా కళ్లతో నాను సూసినానని ఇద్దరూ పట్టుబట్టారు. పెద్దకర్మ రోజున కూడా దాని మీదే గొడవపడ్డారు. ఇద్దరికీ అబద్ధం చెప్పే అవసరం లేదు.

అయ్యకి ఏమీ గుర్తు లేదు. అన్నం ముందు కూర్చోవడం గుర్తుంది, తర్వాత భుజాలు లాగడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

తిప్పుతన్నాడు అని నూకరాజు చివరిగా అన్న మాట నేను తప్ప ఎవరూ వినలేదు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. అయ్య మాత్రం నన్ను వదలడు. తింటూ తింటూ ఆగి అడుగుతాడు.

"పెద్దోడా, నువ్వు సూసినావు కదా. నానేటి ఊపినాను?"

"ఆపినావు అయ్యా. ఆడే సూసుకోలేదు."

"ఎదవ. ఎప్పుడూ అంతే ఆడు, సూసుకోడు" అంటాడు. తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడుస్తాడు.

ఎప్పుడూ అంతే కాదు వాడు. అయ్య తువ్వాలు తప్ప ఇంకేమీ చూసేవాడు కాదు. బతికున్నన్నాళ్లూ మాట దాటనివాడిని, పోయాక మాట వినని ఎదవని చేశాను. ఏం చెయ్యను? నిజం చెబితే మిగిలిన ఈ ఒక్క మనిషీ బతకడు.

నిషేధం ఎత్తేశాక బోటు మళ్లీ దించాను. అయ్య దిబ్బ ఎక్కడు. సముద్రానికి వీపు పెట్టి గుమ్మంలో కూర్చుంటాడు. మాకిప్పుడు దానయ్య మావ తువ్వాలు ఊపుతాడు. ఆయన తిప్పడం నాకు స్పష్టంగా కనిపిస్తుంది. అయినా ఇంజను తెరవడానికి చెయ్యి రాదు. పక్క బోటువాణ్ణి అడుగుతాను, ఏటి ఊపుతన్నాడో సెప్పరా అని. వాడు వింతగా చూసి చెబుతాడు. అప్పుడు వెళతాను.

అయ్య ఆపితే తమ్ముడికి తిప్పినట్టు ఎలా కనిపించింది? తిప్పితే నాకు ఆపినట్టు ఎందుకు కనిపించింది? ఇద్దర్నీ ఒకేలా పెంచిన మనిషి. ఎంత ఆలోచించినా నాకు అంతుచిక్కలేదు, ఇక చిక్కుతుందన్న ఆశ కూడా లేదు.

ఈ పొద్దున గంజి తాగుతూ మళ్లీ అడిగాడు. ఆపినావు అయ్యా అన్నాను.