సివనీ నుంచి వచ్చిన కార్డు

ఈ సంగతి ఇంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదు. మేం వ్యానులో కాశీకి బయలుదేరిన సంవత్సరం, దారిలోని ఏడు ఊళ్లకు నేను ఏడు కార్డులు రాశాను. ఏడింటికీ జవాబులు వచ్చాయి. ఆరే వచ్చాయని మా నాయనతో చెప్పాను. ఏడోది నా డైరీకి వేసిన అట్ట లోపల ఉండేది.

డోన్‌కు దగ్గర్లో నాపరాళ్ల గనులున్న ఊరు మాది. మా ఊళ్లో గోడలు బండలే, ఇంటి కప్పులు బండలే, ఎద్దులను కట్టేసే గాడిపాడూ పొలాల కంచెలూ కూడా బండలే. మా నాయనకు రెండు చిన్న గనులుండేవి. బండలు తీయించి, అంచులు కొట్టించి, డోన్‌లో వ్యాగన్లకు ఎక్కించి పంపేవాడు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. ఆ గుడారాల్లో నేల మీద పరచడానికి కూడా మా బండలు పోయాయి. ఆ ఊపులో నాయన ఒక పాత మిలిటరీ వ్యాను కొని, డ్రైవరును పెట్టుకున్నాడు.

వ్యాను వచ్చిన వారానికి, అన్నం తింటూ నాయన అన్నాడు.

"ముప్పై ఏండ్లాయ బండలు పంపబట్టి. నాగపూరంటారు, జబల్పూరంటారు, కాశీ అంటారు. పరిచినాక ఒక్క బండన్నా ఎట్లుండాదో సూసినానా?"

"సూసి ఏం జేస్తావు? బండ బండ మాదిరే ఉంటాది," అంది అమ్మ.

"తొక్కి సూస్తా."

అమ్మ మజ్జిగ పోస్తూ, "కాశీ దాకా అయితే నేనూ వస్తా. నువ్వు బండలు సూసుకో, నేను గంగ సూసుకుంటా," అంది.

అలా కుదిరింది ప్రయాణం. నాయన, అమ్మ, డ్రైవరు పోయేటట్టు, నేను మా జేజికి తోడుగా ఇంట్లో ఉండేటట్టు. జేజి అంటే మా నాయనమ్మ. నేను వస్తానని అడగలేదు. అడిగే రకం కాదు నేను. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక నిలబడేదాన్ని. స్కూల్ ఫైనలు అయ్యాక నాకు తెలిసిన ప్రపంచమంతా పెరట్లో పేర్చిన బండల మీద కూర్చుని చదివిన పుస్తకాల్లోదే. డైరీ రాస్తానని కూడా ఇంట్లో ఎవరికీ తెలియదనుకునేదాన్ని. ఇంటి పద్దు రాస్తున్నాననుకునేవాళ్లు.

అయితే కార్డులు రాయడానికి నేను కావలసి వచ్చింది. దారి పొడుగునా మా బండలు కొన్నవాళ్లున్నారు. వాళ్లకు తెలుగు రాదు, నాయనకు ఇంగ్లీషు రాదు. జవాబు కార్డులు తెప్పించాడు. రెండు కార్డులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒకదాని మీద మనం రాసి పంపితే, రెండోదాన్ని చించి వాళ్లు జవాబు రాస్తారు. హైదరాబాదు, ఆదిలాబాదు, నాగపూరు, సివనీ, జబల్పూరు, రీవా, కాశీ. రోడ్డు ఎట్లుంది, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, నీళ్లు మంచివేనా, వంట చేసుకోవడానికి చోటుందా. నాయన చెప్తుంటే నేను ఇంగ్లీషులోకి మార్చి రాశాను. రెండో కార్డు మీద మా చిరునామా నేనే రాసేదాన్ని. అంత దూరాల నుంచి నా చేతిరాత నాకే తిరిగి వస్తుందని తలచుకుంటే తమాషాగా ఉండేది.

నాలుగో కార్డు రాస్తుండగా నాయన ఉన్నట్టుండి అమ్మతో అన్నాడు.

"దారెంబడి బోర్డులు ఎవురు సదవాల? పాపను గూడ తీసకపోదాం."

నేను తల ఎత్తలేదు. సిరా ఒక చుక్క కార్డు మీద పడింది.

"పెండ్లి కావాల్సిన పిల్లను ఎవురి గోడౌన్లోనో పడుకోబెట్టేకి కాదు," అంది అమ్మ. "రాత్రికి ఆగే ప్రతి ఊళ్లో ఆడోళ్లుండే ఇల్లు ఉండాల. ఒక్క ఊళ్లో లేకపోయినా పాప ఈడనే ఉంటాది."

"సరే, అదీ రాయి పాపా," అన్నాడు నాయన.

చుక్క పడిన కార్డు మీదే, మాతో పెళ్లికాని అమ్మాయి వస్తుంది, మీ ఇంట్లో ఆడవాళ్లున్నారా అని ఐదో ప్రశ్న రాశాను. ముందు రాసిన మూడింటిలో కూడా ఇరికించాను. ఆ చుక్క పడిన కార్డు సివనీది.

జవాబులు రావడం మొదలయ్యాక నాకు రోజంతా వీధిలోకే చూపు. హైదరాబాదాయన తమ ఇంట్లో ఆడవాళ్లు ఐదుగురున్నారని, మాటలకు కొదవ ఉండదని రాశాడు. నాగపూరు కార్డు అడుగున ఆ ఇంటావిడ తన చేత్తో ఒక వాక్యం హిందీలో రాసింది. దాన్ని చదవగలిగినవాళ్లు మా ఊళ్లో లేరు. అయినా నాకు బాగా నచ్చింది. నాగపూరు దాటాక ముప్పై మైళ్ల అడవి, ఘాటు అనే కొండదారి ఉన్నాయని జబల్పూరాయన హెచ్చరించి, స్టేషను నుంచి తన ఇంటికి దారి పెన్సిలుతో గీసి పంపాడు. నాయనకు చదివి వినిపించాక ప్రతిదాన్నీ డైరీలోకి ఎక్కించుకునేదాన్ని. మైళ్లు, బావులు, వంతెనలు. నేను ఎప్పుడూ చూడని ఊళ్లలో ఏ మలుపు దగ్గర తిరగాలో నాకు తెలుసు.

ఇంట్లో పనులు సాగుతున్నాయి. అమ్మా, జేజీ జొన్నరొట్టెలు పలచగా చేసి, ఎండబెట్టి, దొంతరలుగా గుడ్డలో కట్టారు. పప్పుల పొడి, నిమ్మకాయ ఊరగాయ, చింతపండు. డ్రైవరు వ్యాను ముందు భాగానికి కాన్వాసు నీళ్ల సంచి వేలాడదీసి, నీళ్లు చల్లబడుతున్నాయో లేదో రోజూ తాగి చూసేవాడు. నాయన మాత్రం తన గనుల్లోంచి అరచెయ్యంత ముక్కలు ఏరి, ఒక్కోదాన్నీ పాత పంచె గుడ్డలో చుట్టేవాడు. నల్లది, పచ్చది, బూడిదరంగుది. పరిచిన బండ పక్కన పెట్టి ఏ గనిదో పోల్చి చూస్తాడట.

"లోకంలో ఎవురన్నా ప్రయాణానికి రాళ్లు మూట గట్టుకుంటారా?" అంది అమ్మ.

"నువ్వు రొట్టెలు కట్టలా? మీ రొట్టెల కంటే ఇవే మెత్తగుంటాయి," అన్నాడు నాయన.

ఆరు కార్డులు వచ్చాక ఒక మధ్యాహ్నం టపా మనిషి సివనీ కార్డు తెచ్చి ఇచ్చాడు. జేజి అరుగు మీద కూర్చుని చింతగింజలు ఏరుతోంది. అక్కడే నిలబడి చదివాను. ఇంటి ఆడవాళ్లు పుట్టింటికి వెళ్లారనీ, వచ్చే నెల గాని రారనీ, మగవాళ్లకైతే గోడౌనులో చోటుందనీ, వయసులో ఉన్న అమ్మాయిని తీసుకురావద్దని మనవి అనీ నాలుగు వాక్యాల్లో ఉంది. ఆయన మంచివాడే. ఉన్నమాట రాశాడు.

మామూలుగా కార్డు రాగానే నాయన దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఆ రోజు లోపలి గదిలోకి పోయాను. ఇంగ్లీషు చదివి చెప్పాల్సింది నేనే. లేని ఆడవాళ్లను ఉన్నట్టు మార్చి చదివితే ఎవరికీ తెలియదు. దానికి నోరు రాలేదు. డైరీ అట్ట విప్పి, కార్డు లోపల పెట్టి, మళ్లీ మడిచాను.

దాచి నేను సాధించింది ఏమీ లేదని రెండు రోజుల్లోనే తెలిసింది.

"సివనీదొక్కటి రాలా," అన్నాడు నాయన. ఆరే వచ్చాయన్నాను.

"అది వొచ్చేదాకా పాప సంచి సర్దేకి లేదు," అంది అమ్మ. అప్పటికే నేను మడిచి పెట్టుకున్న రెండు చీరలు తీసి మళ్లీ పెట్టెలో పెట్టింది. నేను రావడం అమ్మకు ఇష్టం లేక కాదు. రొట్టెలు కట్టేటప్పుడు నా వంతు కూడా లెక్కవేసి కట్టింది. మాట మాటే, అంతే.

ఆ సాయంత్రం బండల మీద కూర్చుని డైరీలో రాసుకున్న మైళ్లన్నీ మళ్లీ చూశాను. నాగపూరు నుంచి సివనీకి ఎనభై. సివనీ నుంచి జబల్పూరుకు తొంభై. సివనీలో రాత్రి ఆగకపోతే అక్కడ ఆడవాళ్లు ఉన్నా లేకపోయినా ఒకటే. ఇది తోచగానే సంతోషం వేసింది. వెంటనే భయమూ వేసింది. ఇది నోటితో చెప్పాల్సిన విషయం.

మర్నాడు ఉదయం డ్రైవరు వ్యాను కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. పాదాలు రెండే బయటికి కనిపిస్తున్నాయి. ముఖంతో కంటే పాదాలతో మాట్లాడటం నాకు తేలిక.

"నాగపూరు నుంచి జబల్పూరు ఒక్క దినంలో పోవచ్చునా?" అని అడిగాను.

పానా చప్పుడు ఆగింది. "ఎన్ని మైళ్లు చిన్నమ్మా?"

"నూట డెబ్బై. నడమ ముప్పై మైళ్లు అడవి. ఘాటు ఉండాది."

"కోడి కూసేతలికి కదిలితే పొద్దు గుంకక ముందే దింపుతా. నడమ ఒక గంట ఆగినా ఇబ్బంది లే." పాదాలు కొంచెం కదిలాయి. "నీకు మాటలు వస్తాయని నాకు తెల్దు చిన్నమ్మా. వచ్చి మూడు నెలలాయ, ఇదే ఫస్టు."

ఆ ధైర్యం చల్లారకముందే, నాయన అన్నానికి కూర్చోగానే చెప్పాను. గోడకేసి చూస్తూ చెప్పాను.

"సివనీలో రాత్రి ఉండాల్సిన పని లేదు నాయనా. నాగపూర్లో తెల్లారకముందే బయలెల్లితే రాత్రికి జబల్పూరే పోవచ్చు. డ్రైవరు గూడ అయితాది అన్న్యాడు."

నాయన ముద్ద కలపడం ఆపాడు. "సివనీ ధర్మశాలలో మన పచ్చబండ పరిచినారు. నా మొదటి గనిది. అది సూడకుండా ఎట్ల పోయేది?"

"మధ్యాన్నం ఒక గంట ఆగుదాం. ఎండలో అయితే బండ రంగు బాగ తెలుస్తాది."

"అది నిజమే," అన్నాడు నాయన అమ్మ వైపు తిరిగి. "దీపం కాడ పచ్చబండా నల్లబండా ఒకటే."

అమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఇన్ని దినాలు ఈ మాటలన్నీ యాడ దాచిపెట్టింటివే?" అంది. తర్వాత లేచిపోయి, పెట్టెలోంచి నా రెండు చీరలూ తీసి సంచిలో పెట్టింది. మూడోది కూడా పెట్టింది.

బయలుదేరే రోజు తెల్లవారుజామున ఊరంతా వ్యాను చుట్టూ చేరింది. జేజికి తోడుగా పక్కింటి ఆమె ఉంటానంది. నీళ్ల సంచి నింపారు, రొట్టెల మూట ఎక్కించారు, రాళ్ల మూట నాయనే స్వయంగా ఎక్కించుకున్నాడు. నాకు మాత్రం ఆ కార్డు మీదే ధ్యాస. సివనీలో ఆయన, జవాబు రాశాను కదా అంటే? సంచిలో నా డైరీ, డైరీలో ఆ కార్డు. నాయనకు చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ వెనక్కి పోయింది.

జేజి కాళ్లకు మొక్కడానికి అరుగు దగ్గరికి పోయాను. లేవబోతే నా మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. డోన్ దాటి ఏ ఊరూ ఎరగని మనిషి. ఒక్క అక్షరం రాదు. వ్యాను వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఆరు తూర్లు కార్డు రాంగానే మీ నాయన కాడికి ఉరికితివి. ఏడో తూరి లోపలికి పోతివి. దాన్ని ఇట్లియ్యి, పొయ్యిలో ఏస్తా. నాకు సదువు రాదు గదా, నన్నెవురూ అడగరు. ఆ సివనీ ఆయప్ప అడిగితే మాత్రం నువ్వే ఒప్పుకో, ఇప్పుడు నీకు మాట్లాడేకి వస్తాది. పొయ్యి, మన బండలు యాడాడ పరిచినారో అన్నీ ఆ పుస్తకంలో రాసుకొని రా. వొచ్చినాక నాకు సదివి సెప్పు."