ఫోనులోంచి నిలబెట్టిన మేడమ్

మేడమ్ గారు పోయారని సోమవారం పొద్దున్న తెలిసింది. ఫోనులో ఎప్పుడూ ఆవిడ మొకం కనపడే చోట ఒక సదువుకునే పిల్ల కనపడింది. "మావుసీ, మేడమ్ ఇక లేరు. గుండె ఆగిపోయింది" అంది ఒడియాలో. మావుసీ అంటే పిన్ని అని. నాకు మొదట ఏటనిపించిందో సెప్పడానికి సిగ్గు. ఇక నన్నెవరు నడిపిస్తారు అనుకున్నాను.

ఆవిడ బరంపురంలో ఫిజియోథెరపీ సదివే పిల్లలకి పాఠాలు సెప్పేవారు. ఇంట్లో ఉన్న రోగి సేత ఫోనులోంచే కసరత్తు ఎలా సేయించాలో నేర్పేవారు. నేను ఆ దగ్గర్లోనే సముద్రం ఒడ్డున ఆర్యపల్లిలో సేపలు ఎండేసుకునే మనిషిని. పడి, మోకాలి చిప్ప విరిగి, ఆపరేషన్ అయ్యింది. ఆ తరవాత కోడలు పట్టుకోకుండా అడుగు పడేది కాదు. మళ్లీ పడతానేమో, ఈసారి మంచానే ఉండిపోతానేమో, కోడలు సంత మానేసి నన్నెత్తుకుని కూకోవాలేమో, ఇదే ధ్యాస. వారం వారం బస్సెక్కి ఎల్లలేనని తెలిసి మేడమ్ నన్ను ఆ పాఠంలోకి తీసుకున్నారు. పిల్లలు నేర్చుకోవాలి, నేను నడవాలి.

మొదటిరోజు ఆ పిల్లే, "మావుసీ, మోకాలు చూపించండి" అంది. డాకటేర్లంటే సెయ్యేసి సూస్తారు కదా. నేను ఫోను తీసి మోకాలికి గట్టిగా అదిమిపెట్టాను. వాళ్లకి సీకటి తప్ప ఏటీ కనపళ్లేదంట. పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఏటత్తా, అదేటి, నొప్పుల మందా రాసుకోడానికి?" అంది కోడలు.

మేడమ్ నవ్వలేదు. పిల్లలేపు తిరిగి ఒడియాలో, "ఆవిడ తప్పేం లేదు. ఫోను ఎక్కడ పెట్టాలో, ఎంత దూరం జరగాలో మీరు చెప్పారా?" అన్నారు. నాకు ఒడియా వచ్చని ఆవిడకి తెలుసు. నాకూ వినపడాలనే అన్నారేమో.

ఇంకోరోజు పిల్లలు కుర్చీ పట్టుకుని లేవమన్నారు. "ఆగండి. ఏ కుర్చీ? దేని మీద ఉంది?" అన్నారు మేడమ్. కోడలు ఫోను తిప్పి సూపించింది. ప్లాస్టిక్ కుర్చీ, దాని కింద అప్పుడే సేపలు కడిగిన నీళ్లు. "మనం పట్టుకోలేని మనిషిని లేవమంటున్నాం. ముందు ఆవిడ నేలని చూడండి" అన్నారు మేడమ్. కోడలు గోనెపట్టాతో నేలంతా తుడిసేదాకా పాఠం కదల్లేదు.

పిల్లలు పుస్తకంలో నా నొప్పి ఒక్కటే రాసుకుంటే సాలదనేవారు. భయం కూడా రాయించేవారు. తెలుగావిడే కాబట్టి నాతో మాత్రం తెలుగులో, "ఈరోజు భయం ఎంతుంది పెద్దమ్మా?" అని అడిగేవారు.

"పీక దాకా ఉందండి."

"పోయిన వారం?"

"నెత్తి దాకా."

"అయితే దిగుతోంది" అని పిల్లల సేత రాయించేవారు. నా భయాన్ని అంత మర్యాదగా అడిగినవాళ్లు ఇంకొకరు లేరు. ఇంట్లో వాళ్లు ఊరుకోమనేవారు, అంతే.

ఆఖరుసారి మాటాడినప్పుడు, వచ్చే పాఠంలో కోడలు ముట్టుకోకూడదు, పొయ్యి దగ్గర్నుంచి గుమ్మం దాకా నేనొక్కదాన్నే రావాలి అన్నారు. ఆ పాఠం రాకముందే పోయారు.

దినకర్మ అయ్యాక పిల్లలు ఫోను సేశారు. "మావుసీ, ఆ పాఠం మిగిలిపోయింది. చేద్దామా?" అంది ఆ పిల్ల.

"వద్దమ్మా, ఆవిడ లేరు. పడితే?"

"మాకూ భయంగానే ఉంది" అంది ఆ పిల్ల. మేడమ్ ఉంటే అదీ రాయించేవారనిపించింది. లేసాను. కోడలు సేతులు ఎనక్కి కట్టుకుని గోడకి జేరబడింది. ఆరడుగులో ఏడో, లెక్క తెలీదు. గుమ్మం పట్టుకున్నాక, పక్కన గూట్లో పెట్టిన ఫోనులోకి సూసాను.

అంత సిన్న అద్దంలో పిల్లలందరూ బెంచీల మీంచి సగం లేసి ఉన్నారు. నన్ను పట్టుకోడానికన్నట్టు అందరి సేతులూ ముందుకి సాసి ఉన్నాయి. ఎవరూ ఇంకా దించలేదు.