మునకల మేస్త్రి

మా నాన్నకి దేవుడంటే భక్తి కన్నా భయం ఎక్కువ. తాపీమేస్త్రి. పని బంగారం, నోరు నిప్పు. కోపమొస్తే కూలీలను నానా మాటలూ అనేసేవాడు. సాయంత్రానికి ముఖం పాలిపోయేది. "నా రక్షణ పోయిందే అమ్మాయ్, దేవుడు నన్నొదిలేశాడు" అని వణికేవాడు. నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం ఒక్కసారి చాలని మా పాస్టరుగారు ఎంత చెప్పినా వినడే! పక్క ఊరికెళ్లి, తనెవరో తెలియని పాస్టరు చేత మళ్లీ మునక వేయించుకుని, తడిబట్టలతో వచ్చేవాడు. మునకల మేస్త్రి అని అందరూ నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆ పొద్దున ఆయనకి గుండె ఆపరేషన్. సూది రెండుసార్లు గుచ్చిందని నర్సుని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె వెళ్లగానే మంచం కమ్మి గట్టిగా పట్టుకున్నాడు.

"పాస్టరుగారిని పిలువు. నన్ను ముంచమను. ఇలాగే పోతే నరకమే!"

"ఇప్పుడు ముంచితే ఆపరేషన్ దాకా కూడా ఉండవు!" అన్నాను. అన్నానే గానీ, వెంటనే పాస్టరుగారికి ఫోన్ చేశాను.

పాస్టరుగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. "క్రీస్తుని చూసి దేవుడు నిన్ను నీతిమంతుడన్నాడు మేస్త్రీ. ఆ తీర్పు ఒక్కసారే. నీ నోరు శుద్ధి చెయ్యడం వేరే పని. అది ఆయన రోజూ చేస్తూనే ఉంటాడు."

"తీర్పు నిజమైతే ఈ నోరింకా ఇలా ఎందుకుందండీ?"

ఇంతలో స్ట్రెచర్ వచ్చేసింది. నాన్న కళ్లలో భయం చూస్తే నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఆయన కుడిచెయ్యి లాగి చూపించాను. బొటనవేలి కింద నా పళ్ల గాట్లు. అనాథాశ్రమం నుంచి నన్ను దత్తత తెచ్చుకున్న కొత్తలో కొరికినవి.

"కొరికానని నన్ను మళ్లీ కోర్టుకి తీసుకెళ్లావా, కూతురని రాయించడానికి?"

"ఛ, ఎందుకు? జడ్జిగారు అప్పటికే నా కూతురివన్నారుగా."

"మరి కొరకడం?"

"మెల్లగా మాన్పించాం. నీ నోరే ఇంకా దారికి రాలేదు."

"ఎవరి పెంపకమో!" అన్నారు పాస్టరుగారు.

నాన్న నవ్వలేదు. స్ట్రెచర్ ఎక్కిస్తున్నంతసేపూ ఆ గాట్లనే చూసుకున్నాడు. తోసుకెళ్తుంటే అది గడపకి తగిలి కుదిపింది.

"కళ్లు నెత్తికెక్కాయట్రా, వెధవా!"

అరిచేసి, బిక్కచచ్చిపోయి నావైపు చూశాడు. మళ్లీ ముంచమంటాడేమో అనుకున్నాను.

అనలేదు. తల తిప్పి, స్ట్రెచర్ తోసే అతనితో, "తప్పైపోయింది నాయనా" అన్నాడు. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"భయంగానే ఉందే" అన్నాడు. "తలుపు దాకా రా."