పార్కింగ్ బటన్ మాయమైన రోజు

ఒక పెద్ద ప్రమాదం గురించి చెప్పబోతున్నాను, కాస్త స్థిమితంగా కూర్చోండి. తప్పంతా నాదే. దేవుడి దయవల్ల గాయపడింది మాత్రం నా పరువొక్కటే.

నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. నాన్నే ఇంట్లో పలక పట్టించి చదువు చెప్పాడు. పిల్లలు పెద్దయ్యాక దూరవిద్యలో డిగ్రీకి చేరాను. నా జీవితంలో మొట్టమొదటి పరీక్ష, తార్నాక పక్కనున్న క్యాంపస్‌లో. గేటు మూశాక వెళ్తే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఆ పరీక్షకు నన్ను తీసుకెళ్లాల్సింది మా కరెంటు కారు. రిటైరైన ఒక ప్రొఫెసరుగారి దగ్గర పాతది కొన్నాం. దానికో మహిమ ఉండేది. తెర మీద బటన్ నొక్కి చేతులూ కాళ్లూ తీసేస్తే చాలు, స్టీరింగు దానంతటదే గిర్రున తిరిగేది, బండి వెనక్కి వెళ్లి ఉయ్యాల్లో పాపాయిలా ఒద్దికగా సర్దుకునేది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మా అత్తమ్మ "స్తోత్రం తండ్రీ!" అని కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. అప్పటినుంచి మాకదే ఆచారమైపోయింది. బటన్ నొక్కడం, కళ్లు మూసుకుని వందనాలు చెప్పడం, తెరిచేసరికి బండి గీతల మధ్య ఉండడం! ఇక వెనక్కి నడపడం నేర్చుకోవలసిన కర్మ నాకేమిటి, మీరే చెప్పండి.

పరీక్ష రోజు పొద్దున అత్తమ్మ ప్రార్థనలో మెట్టుగూడ బంధువులందరినీ పేరుపేరునా ఆశీర్వదించేసరికి ఆలస్యమైంది. మేం చేరేసరికి వాచ్‌మన్ గేటు ఒక రెక్క మూసేశాడు.

"గాడ జాగ ఉన్నది, జల్ది పెట్టు!" అంది వెనక సీట్లోంచి అత్తమ్మ.

గేటు పక్కన గోడ వెంట ఖాళీ ఉంది. బండి వెనక భాగం గేటు వైపు ఉండేలా ఆపి, రివర్సులో వేసి, తెర మీద చూశాను.

"అత్తమ్మా, బటన్ లేదు!"

"లేకపోవుడేంది? నిన్న ఉండె గద. జర మంచిగ చూడు."

"చూసిన. లేదు."

"ఇన్ని దినాల సంది చెప్తున్నం, ఇంకా చెప్పాల్నా దానికి? అలవాటైంది. నువ్వు కండ్లు మూసుకో, అదే పెడ్తది."

అసలు పరీక్షకు ముందు ఇది నా విశ్వాసానికి పరీక్ష కాబోలనుకున్నాను. చేతులు తీశాను. కాలు తీశాను. కళ్లు మూసుకున్నాను.

బండి కదిలింది! పెళ్లికి తరలిన జమీందారులా హుందాగా వెనక్కి వెళ్లింది. వెళ్తూనే ఉంది. ఇంతసేపు ఎప్పుడూ వెళ్లలేదే అనుకుంటుండగా ధన్‌మని మోత. గొంతుకు అడ్డంపడ్డ రొట్టెముక్కలా మా బండి గేటు మధ్యలో ఇరుక్కుంది. బంపరు ఊచలకు చిక్కుకుని, ముందుకు రమ్మన్నా రాలేదు.

"ఓ అమ్మా, ఏంది గిది!" వాచ్‌మన్ తల పట్టుకున్నాడు. "ఇప్పుడు గేటెట్ల మూయాలె నేను?"

ఇంతలో మాణికేశ్వర్ నగర్ వైపునుంచి ఆలస్యంగా పరిగెత్తుకొస్తున్న విద్యార్థులు బండి పక్క సందులోంచి బిలబిలమంటూ లోపలికి దూరిపోయారు. "అక్కా, సూపర్! థాంక్సక్కా!"

"నువ్వు నిలబడ్డవేంది? ఉరుకు!" అని అత్తమ్మ నన్ను తరిమింది. పరిగెత్తాను. వెనకనుంచి ఆమె వాచ్‌మన్‌ను సముదాయించడం వినిపిస్తూనే ఉంది: "గట్ల ఒర్రకు బిడ్డా. కోడలు పరీక్ష రాసొచ్చి తీస్తది. జర నీడకు కూసో."

సాయంత్రం మావారు కారు కంపెనీకి ఫోన్ చేశారు.

"ఆ సౌకర్యం మొదటి ఓనరుగారిది సార్. పేరు మారింది కదా, ఇక్కడినుంచే తీసేశాం."

"మా ఇంటి ముంగట ఉన్న బండిలకెల్లి తీసిండ్రా? తాళం మా దగ్గరున్నది గద!"

"తాళంతో పని లేదు సార్."

"అంటే బండి మాది కాదా?"

"బండి మీదే సార్."

అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "దొంగోడన్న తాళం పగలగొట్టాలె గద నాయనా!"

నేను మాత్రం కిటికీలోంచి బండినే చూస్తూ ఉండిపోయాను. ఎక్కడో కూర్చున్న మనిషి, తలుపు తీయకుండా, చప్పుడు చేయకుండా, ఇంటి ముందు నిద్రపోతున్న మా బండి తెలివిని పట్టుకుపోయాడు! అంత దూరం చాచగలిగే చేయి ఒక్కటే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ.

"నవ్వుతవేంది?" అన్నారు మావారు మండిపడుతూ.

"ఆ బటన్ ఉంటే బండి గోడ పక్కన బుద్ధిగ నిలబడేది. గేటు నా ముఖం మీద మూసుకునేది. ఆ కంపెనీవాళ్లను దేవుడు చల్లగ చూడాలె."

అయినా, దేవుడి ఎదుటా మీ ఎదుటా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎంతటి మహిమ ఎదురైనా సరే, హ్యాండ్‌బ్రేకు వేశాకే కళ్లు మూసుకుంటాను. ఆమెన్.